బొడ్డు కింద చిల్లు

సెల్వరాణి కడుపును ఎక్కడ కోయాలి, ఎంత పొడుగు కోయాలి అన్న సంగతి ఆ రోజు చాలామంది మాట్లాడారు. పెద్ద డాక్టరు మాట్లాడాడు. చిన్న డాక్టరు మాట్లాడింది. మొగుడు, అత్త మాట్లాడారు. చక్రాల మంచం తోసేవాడు కూడా తన వంతు ఒక మాట వేశాడు. కడుపు ఎవరిదో ఆ మనిషిని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె స్పృహ తప్పి లేదు. అక్కడే, వాళ్ళ చేతికి అందేంత దూరంలో పడుకొని, అన్నీ వింటూ ఉంది.

నొప్పి ముందు రోజు పొద్దున, తమిళనాడు ధర్మపురి జిల్లాలోని పాలకోడు టమాటా మండీలో మొదలైంది. సెల్వరాణి అక్కడ పండు ఏరుతుంది. ట్రాక్టర్ల మీద వచ్చిన సరుకును టార్పాలిన్ పట్టా మీద కుమ్మరిస్తే పచ్చిది, దోరది, పండింది వేరు చేసి మళ్ళీ పెట్టెల్లో నింపాలి. నిండిన పెట్టెను కుడి పక్క పొత్తికడుపుకు ఆనించుకొని లారీ దాకా నడవాలి. ఆ మండీలో ఆడవాళ్ళందరూ అలాగే మోస్తారు. తక్కినవాళ్ళు ఒక పెట్టె మోస్తే సెల్వరాణి రెండు మోస్తుంది. ఆమె లావును చూసి నవ్వేవాళ్ళకు ఆ రెండో పెట్టె కనబడదు.

నవ్వేవాళ్ళకు కొదవ లేదు. మొగుడు భూపతి చిన్న సరుకు బండి నడుపుతాడు. ఆ బండికి ఈ జిల్లాలో కుట్టియానై అని పేరు, అంటే పిల్ల ఏనుగు. పిల్ల ఏనుగును రోడ్డు మీద తోలుతున్నావు, పెద్ద ఏనుగును ఇంట్లో కట్టేసుకున్నావు అని మండీలో రోజూ ఎవడో ఒకడు అంటాడు. భూపతి నవ్వి ఊరుకుంటాడు. ఒకసారి లోడు ఎత్తే కుర్రాళ్ళు పందెం వేసుకొని ఆమెను పెట్టెలు తూచే కాటా మీద నిలబెట్టారు. నూట పన్నెండు కిలోలు. ఆ అంకె ఆ సాయంత్రానికే పాలకోడు అంతా తెలిసిపోయింది. పెళ్ళయి ఆరేళ్ళయినా బిడ్డ లేకపోవడానికి కూడా ఆ అంకే కారణమని ఇరుగుపొరుగు తీర్మానం చేశారు. తీర్థమలై కొండ గుడికి పోయి అన్ని తీర్థాలలో మునిగి వచ్చారు. ఆ మునగడంలో కూడా పక్కనున్నవాళ్ళు ఆమె లావునే చూశారు.

నొప్పి మొదట బొడ్డు చుట్టూ వచ్చింది. మధ్యాహ్నానికి కిందికి దిగి, సరిగ్గా పెట్టె ఆనించే చోట నిలిచింది. కక్కుకుంది. అజీర్తి అన్నారు, సోడా తాగించారు. ఇంత తింటే నొప్పి రాకుండా ఉంటుందా అని ఒకామె అంది. పొద్దుటి నుంచి సెల్వరాణి టీ తప్ప ఏమీ తినలేదు. ఆ సంగతి చెప్పే ఓపిక లేక ఊరుకుంది. అత్త గౌరమ్మ పేగు మెలిపడిందని, నూనె పెట్టి తోమే ఆయన దగ్గరికి పోదామని పట్టుబట్టింది. సెల్వరాణి తన కడుపును ఎవరినీ తాకనివ్వలేదు. మర్నాడు తెల్లవారగానే భూపతి ఆమెను కుట్టియానైలోనే ధర్మపురికి తెచ్చాడు. బండిలో టమాటా వాసన ఇంకా పోలేదు.

సేలం రోడ్డు వైపు ఉన్న ఆసుపత్రి అది. స్కాన్ తీసేవాడు గొట్టాన్ని ఆమె కడుపు మీద నొక్కి నొక్కి, ఈ కొవ్వులో ఏమి కనబడుతుందని విసుక్కున్నాడు. నొక్కినప్పుడు ఆమె పళ్ళు కొరుక్కుంది. ఆ తరువాత పెద్ద యంత్రంలో పడుకోబెట్టి తీశారు. అపెండిక్స్ వాచింది, ఇంకా పగల్లేదు, ఈ రోజే తీసెయ్యాలి అన్నారు. బరువు చూడమంటే వార్డులో కాటా ముల్లు చివరికంటా పోయి ఆగిపోయింది. భూపతి, దాచిపెట్టేది ఏముందన్నట్టు, మండీ కాటా అంకె చెప్పాడు. చక్రాల మంచం తోసేవాడు, ఇంకొకణ్ణి పిలవండప్పా, నా నడుము నాకు కావాలి అన్నాడు. నర్సులు నవ్వారు. భూపతి కూడా నవ్వాడు.

పెద్ద డాక్టరు పేరు మణివణ్ణన్. చేయి తిరిగినవాడని పేరు. ఆయన సెల్వరాణి మొగం చూడలేదు, దుప్పటి మీద నుంచి కడుపు చూశాడు. చూసి, ఇంత పొట్టలో కెమెరా వేస్తే దారి తప్పి సేలం పోతుంది, ఓపెన్ చేద్దాం, బల్ల సిద్ధం చేయండి అని తమిళంలో అన్నాడు. అది వైద్యం అనుకున్నాడో, వేళాకోళం అనుకున్నాడో ఆయనకే తెలియాలి. చుట్టూ ఉన్నవాళ్ళు మాత్రం రెండూ ఒకటే అన్నట్టు తల ఊపారు.

అక్కడ ఇలక్కియా అనే చిన్న డాక్టరు ఉంది. కోయంబత్తూరులో చదువుకొని కొత్తగా చేరింది. ఆమె తల ఊపలేదు. సార్, లావు ఉన్నవాళ్ళకే చిల్లు పెట్టి కెమెరాతో చేసే ఆపరేషన్ మేలు కదా అంది. అందరి ముందూ అంది. ఆయనకు నచ్చలేదు. అయినా ఆమె ఆగలేదు. సన్నటి మనిషికి చిన్న గాటుతో లోపలికి చేయి పోతుంది. ఈమెకు ఆ గాటు చాలదు, పొడుగ్గా కోయాలి, బెత్తెడు కొవ్వు దాటి లోతుకు పోవాలి. కొవ్వుకు రక్తం సరిగా అందదు. కుట్లు వేశాక లోపల తడి నిలిచి చీము పడుతుంది. అదే చిల్లులైతే కొవ్వు ఎంతున్నా చిల్లు చిల్లే. మత్తు ఇవ్వడం కొంచెం కష్టం, మొదటి చిల్లు దించడం కష్టం, పొడుగు పనిముట్లు కావాలి, ఒక్కోసారి కుదరక మధ్యలో గాటుకే రావాల్సి ఉంటుంది. అయినా మొదట చేసి చూడాల్సింది ఇదే అని ఆమె చెప్పింది.

చెప్పింది నిజం. సన్నవాళ్ళకు చిల్లు, లావువాళ్ళకు గాటు అని చాలా చోట్ల నడుస్తున్న వాడుక తలకిందుల వాడుక. ఎవరికి చిల్లు ఎక్కువ మేలు చేస్తుందో వాళ్ళకే అది దక్కదు. ఎందుకు దక్కదు? లావు మనిషి బల్ల మీద ఎక్కువసేపు పడుకుంటే తరువాతివాళ్ళు ఆలస్యమవుతారు. పనిముట్లు మార్చాలి. ఓపిక పట్టాలి. గాటైతే తెలిసిన దారి, చేతికి అలవాటైన దారి. చీము పట్టేది తరువాత, వేరే రోజు, వేరేవాళ్ళు చూసుకునే సంగతి. చీము పడితే తప్పు లావుది. డాక్టరుకు ఇంతకంటే నమ్మకమైన సాక్షి ఎక్కడ దొరుకుతుంది?

మణివణ్ణన్ చిన్న డాక్టరును తిట్టలేదు. అంతకంటే తెలివైన పని చేశాడు. సరే, వాళ్ళను అడుగు, ఒప్పుకుంటే నువ్వే చెయ్యి, నేను పక్కన నిలబడతాను అన్నాడు. అని, నవ్వాడు.

ఇలక్కియా సంతోషంగా వరండాలోకి వచ్చింది. అక్కడ భూపతి, గౌరమ్మ బెంచీ మీద కూర్చొని ఉన్నారు. చక్రాల మంచం అదే వరండాలో గోడ పక్కన ఉంది. మంచం మీద సెల్వరాణి ఉంది. ఇలక్కియా మంచం దాటి బెంచీ దగ్గరికి పోయింది. ఆ అమ్మాయి మంచిదే. మంచివాళ్ళకు కూడా లావు మనిషిని దాటి పోవడం అలవాటే. బొడ్డు కింద ఒక చిన్న చిల్లు పెట్టి కెమెరా లోపలికి పంపుతాం, ఇంకో రెండు చిల్లులతో తీసేస్తాం, పెద్ద గాటు ఉండదు, తొందరగా ఇంటికి పోవచ్చు అని తమిళంలో వివరంగా చెప్పింది.

బొడ్డు, కెమెరా, చిల్లు, తొందరగా ఇంటికి. ఈ నాలుగు మాటలు విన్నాక గౌరమ్మ ఇంకేమీ వినలేదు. ఆమె మొగం పాలిపోయింది. "అది వద్దమ్మా" అని తమిళంలో అంది. ఎందుకు వద్దో చెప్పలేదు. ఇలక్కియా అడగలేదు. ఆలోచించుకోండి, ఇప్పుడే వస్తాను అని, పక్క వార్డులో ఎవరో పిలిస్తే అటు పోయింది.

గౌరమ్మకు ఆ చిల్లు తెలుసు. ఆమె వయసులో ఉన్నప్పుడు ఊరి బడిలో క్యాంపు పెట్టారు. కెమెరా ఆపరేషన్ అన్నారు. నొప్పి ఉండదు, పెద్ద గాటు ఉండదు, తొందరగా ఇంటికి పోవచ్చు అన్నారు. ఆడవాళ్ళను బడి వరండాలో వరసగా కూర్చోబెట్టి, ఒకరి తరువాత ఒకరిని బెంచీ మీద పడుకోబెట్టి, బొడ్డు కింద చిల్లు పెట్టి పిల్లలు పుట్టకుండా చేసి పంపారు. గౌరమ్మకు అప్పటికి ఒక కొడుకు, ఒక కూతురు. ఆ మరుసటి వానాకాలం కూతురు జ్వరంతో పోయింది. బొడ్డు కింద మచ్చ ఉండిపోయింది. ఆ వీధిలో ఆడవాళ్ళకు స్నానాల దగ్గర ఆ మచ్చ చూస్తే చాలు, ఈమెకు ఇక పిల్లలు లేరని తెలుస్తుంది. ఆ మచ్చకు ఇంకో అర్థం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. వైద్యం ఆ చిల్లుతో వాళ్ళ కడుపుల్లోకి వచ్చింది ఒకే ఒక్క పనికి. ఆ పని అయ్యాక మళ్ళీ ఆ వీధి మొగం చూడలేదు. ఇప్పుడు వచ్చి అదే చోట, అదే కెమెరా, అవే మాటలు చెబితే గౌరమ్మ ఏమనుకోవాలి?

ఆమె కొడుకు వైపు తిరిగి, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులో అంది. "బొడ్డుకాడ పెట్టేదే ఆ ఆపరేషన్. నాకు పెట్టింది అదే కదరా. ఆరేండ్లుగా బిడ్డ లేదని ఏడుస్తా ఉండాము. ఉండే వాకిలి కూడా మూసేసుకుంటామా? కోసేదైతే ఎంతైనా కోయమను. బొడ్డు జోలికి పోవద్దని చెప్పు."

గోడ పక్కనుంచి సెల్వరాణి పిలిచింది. మూలుగు మధ్యలో మాట కూడదీసుకొని పిలిచింది. భూపతి మంచం దగ్గరికి వచ్చాడు.

"మామా, నేను అంతా వినినాను. ఆ చిన్నామె చెప్పిందే చేయమను. పెద్దగా కోస్తే నేను పెట్టె యాడ ఆనించుకునేది?"

"పెట్టె మాట ఇప్పుడేల రాణీ."

"అదే కదా మామా మన కూడు."

"అమ్మ చెప్పేది నిజమైతే? ఒకసారి మూసేసినాక మళ్ళీ తెరిచేదానికి అవుతుందా?"

"ఆ డాక్టరమ్మను అడుగు. పిల్లలకు అడ్డం పడుతుందా అని ఒక్క మాట అడుగు. నువ్వు అడగకపోతే నన్ను అడగనీ."

అతను తల ఊపి పోయాడు. అడుగుదామనే పోయాడు. ఇలక్కియా అక్కడ లేదు. మణివణ్ణన్ ఉన్నాడు. ఆయన ముందు నిలబడి, బొడ్డు, పిల్లలు, అమ్మ భయం అని చెప్పడానికి భూపతికి నోరు రాలేదు. ఆయన చదువు ముందు తన తల్లి భయం చెబితే నవ్వుతాడనుకున్నాడు. పొద్దుటి నుంచి ఆయన నవ్వుతూనే ఉన్నాడు కదా. ఏమి నిర్ణయించారని ఆయన అడిగితే, ఓపెనే చేయండి సార్ అన్నాడు. ఆయన కాగితం జరిపాడు. భూపతి సంతకం పెట్టాడు.

ఇలక్కియా తిరిగి వచ్చేసరికి మంచం లోపలికి పోయింది. నేను ముందే చెప్పాను కదా, అందరూ వద్దనే అంటారు అని మణివణ్ణన్ చేతులు కడుక్కుంటూ అన్నాడు.

గాటు జానెడు పొడుగు పడింది. అపెండిక్స్ తీశారు. వరండాలోకి ఒక స్టీలు పళ్ళెంలో తెచ్చి గౌరమ్మకు, భూపతికి చూపించారు. వేలంత కూడా లేదు. దాని కోసమా ఇంత అని భూపతి అన్నాడు. గౌరమ్మ మాత్రం చేతులు జోడించింది. బొడ్డు క్షేమంగా ఉంది.

వారం తిరక్కముందే గాటు ఎర్రబడింది. ముట్టుకుంటే కాలుతోంది. ఒక పొద్దున కుట్ల మధ్య నుంచి చీము కారి పరుపు తడిసింది. కుట్లు విప్పేశారు. లోపలి నుంచి మానాలి, పైన మూయకూడదు, రోజూ గుడ్డ మార్చాలి అన్నారు. తెరిచిన పుండుతో ఇంటికి పంపారు. పంపే రోజు ఇలక్కియా వచ్చింది. ఈసారి మంచం దగ్గరికే వచ్చింది. ఎందుకు వద్దన్నారు అని అడిగింది. సెల్వరాణి క్యాంపు సంగతి అంతా చెప్పింది. ఇలక్కియా మంచం అంచున కూర్చుంది. చిల్లు తలుపు మాత్రమే అక్కా, లోపలికి పోయినవాళ్ళు ఏం ముట్టుకుంటారన్నది వేరే సంగతి, అపెండిక్స్ తీసేవాళ్ళు గర్భసంచి జోలికి పోరు అంది. ఆ తరువాత మెల్లగా, ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేదక్కా అంది.

"ఆ రోజే నన్ను అడిగి ఉంటే బాగుండేది" అని సెల్వరాణి తమిళంలోనే జవాబు చెప్పింది. ఇలక్కియా తల దించుకుంది. దించుకోవాల్సిందే.

ఇంట్లో గుడ్డ మార్చే పని గౌరమ్మ మీద పడింది. వేరే ఎవరు చేస్తారు? భూపతి మొదటి రోజు చూసి బయటికి పోయి కక్కుకున్నాడు. గౌరమ్మ వేడినీళ్ళతో చేతులు కడుక్కొని, పాత గుడ్డ మెల్లగా లాగి, కొత్త గుడ్డను పుండులోకి వేలితో దోస్తుంది. వేలు మొదలు దాకా లోపలికి పోతుంది. సెల్వరాణి తువ్వాలు నోట్లో కుక్కుకుంటుంది. రోజూ ఇదే. మండీ నుంచి ఆడవాళ్ళు చూడడానికి వచ్చారు. ఒళ్ళు తగ్గిస్తే మానుతుంది అని ఒకామె సలహా చెప్పి పోయింది. ఆమె పోయాక గౌరమ్మ వాకిలి వేసింది.

ఒక మధ్యాహ్నం గుడ్డ దోపుతూ ఉండగా సెల్వరాణి తువ్వాలు తీసి అడిగింది. "అత్తా, నీది ఎన్నాళ్ళకు మానింది?"

గౌరమ్మ చేయి ఆగింది. నాదా అంది. ఆలోచించింది. ఆ సాయంత్రమే నడిచి ఇంటికి వచ్చామని, ఆ వారంలోనే చెనిక్కాయ చేలో కలుపు తీయడానికి పోయానని, పుండు పడడం అనేదే లేదని చెప్పింది. చెబుతూ చెబుతూ ఆమె గొంతు తగ్గిపోయింది.

"చూపించత్తా."

"ఏముందే చూసేదానికి."

"చూపించు."

గౌరమ్మ చీర కుచ్చెళ్ళు కొంచెం కిందికి జరిపింది. బొడ్డు కింద చిక్కుడు గింజంత మచ్చ. వెతికితే గాని కనబడదు. ఆ మచ్చ పక్కన, మంచం మీద, కోడలి కడుపులో జానెడు పుండు నోరు తెరిచి ఉంది. రెండు కడుపులు, రెండు రకాల కోత. ఏది మేలో చెప్పడానికి ఇంకే చదువూ అక్కరలేదు. గౌరమ్మ చాలాసేపు ఒకదాన్నీ ఇంకొకదాన్నీ చూసింది. ఇలక్కియా చెప్పిన తలుపు మాట సెల్వరాణి అప్పుడు చెప్పింది. గౌరమ్మ మొదట నమ్మలేదు. నాకు మూసింది కదా అంది. నీకు మూయాలనే లోపలికి పోయినారత్తా, నాకు పోయేది వేరే దానికి అంది సెల్వరాణి.

"ఈ మాట ఆ పెద్దాయన ఏల చెప్పలేదు మనకు?" అని గౌరమ్మ అడిగింది. అది ఏడుపు కాదు. మండీలో తూకం తక్కువ వేసినవాణ్ణి అడిగే గొంతు.

మళ్ళీ చూపించుకోవడానికి పోయేటప్పుడు అత్తాకోడళ్ళు ఇద్దరూ కలిసే పోయారు. భూపతి బండి నడిపాడు. లోపలికి వస్తానన్నాడు. నువ్వు బండికాడ ఉండు మామా, ఆ పొద్దు నువ్వు మాట్లాడింది చాలు అని సెల్వరాణి అంది. అతను బండికాడే ఉండిపోయాడు.

మణివణ్ణన్ గది బయట బెంచీల నిండా జనం. అరూరు నుంచి, పెన్నాగరం నుంచి, వత్తల్‌మలై నుంచి వచ్చినవాళ్ళు. ఒక బెంచీ చివర ఒక లావుపాటి పిల్ల తన తల్లి భుజం మీద వాలి, కుడి పక్క చేత్తో అదుముకొని కూర్చొని ఉంది. సెల్వరాణి ఆ చేయి ఎక్కడ ఉందో చూసింది. చూసి లోపలికి పోయింది.

డాక్టరు కుర్చీలోంచి లేవకుండానే పుండు చూశాడు. మానుతోంది, ఇంకా కొన్నాళ్ళు పడుతుంది అన్నాడు. బరువు ఎంత తగ్గావని అడిగాడు. పెట్టె ఎప్పుడు మోయవచ్చని ఆమె అడిగితే, ఇప్పట్లో కాదు, గాటు దగ్గర కండ బలహీనంగా ఉంది, బరువు ఆనించితే పేగు తోసుకొని వస్తుంది, వేరే పని చూసుకో అన్నాడు. వేరే పని ఏదో అది చెప్పలేదు. ఇంత లావు ఉంటే పుండు పడక ఏమవుతుందమ్మా, నోరు కట్టుకోవాలి అని ముగించి, తరువాతి చీటీ అందుకోబోయాడు.

సెల్వరాణి లేవలేదు. తమిళంలోనే, నెమ్మదిగా అడిగింది.

"లావు మనిషికి పెద్దగా కోస్తే పుండు పడుతుందని మీకు ముందే తెలుసు కదా సార్. మీ చిన్న డాక్టరమ్మ మీ ముందరే చెప్పింది, నేను విన్నాను. తెలిసి ఎందుకు కోశారు?"

మీవాళ్ళే కోరుకున్నారు, నీ భర్త సంతకం ఉంది అన్నాడు.

"కడుపు నాది. నేను మేలుకొనే ఉన్నాను. నన్ను అడిగారా?"

ఆయన నర్సు వైపు చూశాడు. అంతలో గౌరమ్మ ముందుకు వచ్చింది. ఆమె ఆయనతో గొడవ పెట్టుకోలేదు. చేతులు కట్టుకొని, బడిలో పిల్ల అడిగినట్టు అడిగింది. బొడ్డు కింద చిల్లు పెట్టి ఈ అపెండిక్స్ తీస్తే పిల్లలు పుట్టకుండా పోతారా సార్ అంది.

మణివణ్ణన్ నవ్వాడు. "దానికీ దీనికీ సంబంధమే లేదమ్మా. ఇది వేరు, అది వేరు. మీ వైపు ఊళ్ళ నుంచి వచ్చే పెద్దవాళ్ళందరికీ ఇదే భయం. క్యాంపుల కాలం నుంచీ చూస్తున్నాను."

తన నోట ఏమి వచ్చిందో ఆయనకు ఒక క్షణం తరువాత తెలిసింది. ఆ నవ్వు మొగం మీద అలాగే ఉండిపోయింది, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు.

"ఈ భయం ఉంటుందని మీకు తెలుసు" అంది గౌరమ్మ. "తెలుసు. నేను వద్దంటానని కూడా తెలుసు. దానికేనా ఆ పొద్దు ఆ పిల్లను మా దగ్గరికి పంపింది?"

ఆయన మళ్ళీ చీటీల వైపు చేయి చాపాడు. నాకు చాలామంది ఉన్నారమ్మా, బయట చూడు అన్నాడు.

"చూసినాను" అంది సెల్వరాణి.

ఆమె బల్ల పట్టుకొని లేచింది. పుండు మీద చేయి అడ్డం పెట్టుకొని నడిచి, తలుపు రెండు రెక్కలూ తెరిచింది. తెరిచి, బయటికి పోలేదు. వాకిట్లోనే బయటికి మొగం పెట్టి నిలబడింది. నూట పన్నెండు కిలోల మనిషి నిలబడితే ఆ వాకిట్లో వెలుతురు పోవడానికి కూడా సందు ఉండదు. బెంచీల మీద తలలు తిరిగాయి. డాక్టరు తరువాతి పేరు పిలవమన్నాడు. నర్సు ఆమె భుజం మీదుగా పిలిచింది. ఆ లావుపాటి పిల్ల తల్లి చేయి పట్టుకొని లేచి వచ్చింది. వచ్చి, సెల్వరాణి ఎదుట ఆగిపోయింది.

జరగమ్మా అని నర్సు అంది. సెల్వరాణి జరగలేదు. ఆ పిల్లను ఏమి నొప్పి అని అడిగింది. నిన్నటి నుంచి ఇక్కడ అని పిల్ల కుడి పక్క చూపించింది. పిల్లకు పెళ్ళి కావాలమ్మా, బొడ్డు కాడ ఏదో పెడతారంటున్నారు, మేము వద్దని చెప్పబోతున్నాం అని తల్లి గొంతు తగ్గించి అంది.

సెల్వరాణి తల మాత్రం వెనక్కి తిప్పింది. "సార్, ఇప్పుడు మా అత్తకు చెప్పిన మాట వీళ్ళకు కూడా చెప్పండి. చెప్పేదాకా నేను ఇక్కడే ఉంటాను."

పక్కకు తప్పుకోమని నర్సు మళ్ళీ అంది. వాచ్‌మన్‌ను పిలుస్తానంది. వాచ్‌మన్ దూరం నుంచి చూశాడు. ఆమెను చూశాడు, వాకిలిని చూశాడు, రాలేదు. లోపల కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు వినబడింది. మణివణ్ణన్ లేచి వచ్చాడు. ఆమె భుజం పక్క సందులోంచి ఆ తల్లీకూతుళ్ళను చూశాడు. గొంతు సవరించుకొని, చిల్లుకూ పిల్లలు పుట్టడానికీ సంబంధం లేదు అని చెప్పాడు. ఎవరినీ చూడకుండా, నేల చూసి చెప్పాడు.

"గట్టిగా చెప్పండి సార్" అంది సెల్వరాణి. "ఆ చివర కూర్చున్నామెకు వినబడలేదు."